లేడని చెప్పిన వీధి

మా బావను ఉంచిన భవనం మొదట్లో పండ్ల గోదాము. ఆ సంగతి పెనుకొండలో నా అద్దె గదిలో కూర్చుని, ఫోన్‌లో పాత ఉపగ్రహ చిత్రాలను ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ కనుక్కున్నాను. పొడవాటి తెల్ల కప్పు, దాని వెనక లారీలు ఆనుకునే అరుగు, చుట్టూ ఖాళీ నేల. ఆ ఊరి పత్రికలో దొరికిన పాత ఫొటోలో గోడలకు కిటికీల్లేవు. చలి నిలవాలంటే కిటికీలు ఉండకూడదు. నేను చదివింది మెకానికల్ డిప్లొమా. అలాంటి గోడ ఎలా కడతారో నాకు తెలుసు: రెండు రేకుల మధ్య మందపాటి నురుగు పలక, బరువైన తలుపు, తలుపు చుట్టూ రబ్బరు అంచు. మనుషులను పెట్టేటప్పుడు ఆ గోడలను మార్చలేదు. తాళాలు మాత్రం మార్చారు.

దేశం పేరు రాయను. అక్క వద్దంది. ఆ భవనాన్ని నడిపే కంపెనీ పేరూ రాయను. అది బోర్డు మారుస్తూనే ఉంటుంది, ఏ పేరు రాసినా పాతదే అవుతుంది.

బావ ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాడు. ఆయన మా మేనమామ కొడుకు. మామ, అత్త చిన్నప్పుడే పోతే అవ్వే పెంచింది. అక్కను ఆయనకే ఇచ్చారు. అందువల్ల ఆయనకు నాయనమ్మ, మాకు అమ్మమ్మ ఒకరే. మేమందరం అవ్వ అంటాం. ఆ ఇంట్లో ఉండేది అవ్వ, బావ, అక్క. నేను ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు పంపే ఒక చిన్న కంపెనీలో, క్వాలిటీ విభాగంలో పని చేస్తూ పెనుకొండలో ఉంటాను.

బావ పరదేశం పోవడం వెనక పెద్ద ఆశలేమీ లేవు. అక్కడ చీరల దుకాణం నడిపే ఒకాయన సరుకు కొనడానికి ధర్మవరం వచ్చి, బావ నేస్తుంటే చాలాసేపు నిలబడి చూశాడు. తన దుకాణం అద్దాల కిటికీలో ఒక మగ్గం బిగిస్తానని, బావ అందులో కూర్చుని నేస్తూ ఉంటే చాలని అన్నాడు. వచ్చేపోయే వాళ్లు చూసి లోపలికి వస్తారట. వీధిలో ఒకటే నవ్వులు.

"జూలో కోతిని పెట్టినట్ల పెడతారేమో చూసుకోబ్బా," అన్నాడు పక్కింటాయన.

"కోతికి విమానం టికెట్టు ఎవురిస్తారు మామా?" అన్నాడు బావ.

కొన్నాళ్లు అంతా చెప్పినట్టే జరిగింది. అద్దం బయట పిల్లలు ముక్కు ఆనించి చూస్తున్న ఫొటోలు పంపేవాడు. తర్వాత వీసా గడువు అయిపోయింది. పొడిగిస్తానని పాస్‌పోర్టు తీసుకున్న యజమాని దాన్ని మళ్లీ ఇవ్వలేదు. చలికాలం రాగానే కిటికీ దగ్గర నిలబడేవాళ్లు తగ్గారు. మగ్గం విప్పేసి, బావను వెనక గదిలో చీరలు మడతపెట్టే పనికి మార్చారు. ఒక ఉదయం అధికారులు దుకాణంలోకి వచ్చారు. ఈ మనిషెవరని అడిగితే, నాకు తెలియదు అన్నాడట యజమాని.

బావను పట్టుకుపోయి ఆ గోదాములో పెట్టారు. యజమాని అన్న ఆ మాట బావ మొదటి ఫోన్‌లోనే చెప్పాడు. ఆయనకు పట్టుబడినందుకంటే ఆ మాటకే ఎక్కువ కష్టం కలిగింది.

అక్కడి ఫోన్లు కూడా ఒక ప్రైవేటు కంపెనీవే. ముందు ఒక రికార్డు గొంతు ఈ సంభాషణను వింటున్నామని చెప్పేది, ఆ తర్వాత బావ గొంతు వచ్చేది. వెనకాల ఎప్పుడూ టీవీ మోత.

"ఏమప్పా, బాగుండావా?"

"నేను బాగుండా బావా. నువ్వెట్లుండావు?"

"నాకేం, జమీందారు మాదిరి ఉండా. తింటా, పడుకుంటా. పనే ల్యా. చలి రవ్వంత. గోడలో నుంచి వస్తాది చలి."

"స్వెట్టరియ్యలేదా?"

"ఇచ్చినారు. బూడిద రంగు ప్యాంటూ, చొక్కా. అందరికీ ఒకటే రంగు. మీ ఫ్యాక్టరీ మాదిరే." అని నవ్వబోయి ఆగిపోయాడు. టీవీ మోత కూడా ఆగింది. ఊపిరి తప్ప ఇంకేమీ వినబడలేదు. నేను బావా బావా అంటున్నాను. చాలాసేపటికి టీవీ మళ్లీ మోగింది.

"ఏమాయె?"

"టీవీ ఆపినారంటే ఎవుర్నో పిలిచేదానికి. పేరు చదువుతారు. మేము గోడకానుకొని చేతులు కనపడేట్ల నిలబడల్ల. పిలిచినోళ్లు యాడికి పోతారో మాకు తెలీదు. మళ్ల రారు." గొంతు తగ్గించి, "అక్కకు చెప్పాకు," అన్నాడు.

చెప్పలేదు. ఆ భవనం చరిత్ర రాసుకోవడం మొదలుపెట్టాను. చేతనైనది అదొక్కటే. మా పనిలో ఒక భాగం చెడిపోయి వెనక్కి వస్తే, ఎవరినీ తిట్టకముందు ఇది ఏ యంత్రం మీద, ఎవరి చేతిలో, ఏ సరుకుతో తయారైంది అని వెనక్కి పోతాం. నేను భవనం విషయంలోనూ అదే చేశాను. షిఫ్టు అయ్యాక గదికి వచ్చి, ఆ ఊరి పత్రికల పాత సంచికలు, ప్రభుత్వ టెండర్లు, కంపెనీ వాటాదారుల కోసం వేసిన నివేదికలు వెతికి, తెలియని మాటలను యంత్రంతో అనువాదం చేయించుకుని చదివేవాడిని.

అక్కడి రైతులు పండ్లతోటలు మానేశాక గోదాము మూతపడింది. చాలాకాలం ఖాళీగా ఉంది. అంతకుముందు దుకాణాలకు కాపలా మనుషులను సరఫరా చేసిన ఒక కంపెనీ దాన్ని అద్దెకు తీసుకుని, కాగితాలు లేని పరదేశీయులను ఉంచుతామని ప్రభుత్వంతో ఒప్పందం రాసుకుంది. ఊరికి ఉద్యోగాలు వస్తాయని పత్రికలో సంతోషంగా రాశారు. ప్రారంభం రోజు కేకు కోస్తున్న ఫొటో ఉంది. కేకు భవనం ఆకారంలో ఉంది. మొదట కుటుంబాలను కూడా పెట్టారు. పిల్లల కోసం ఒక గోడ మీద సూర్యుడు, చెట్లు, కుందేళ్ల బొమ్మలు వేశారు. చలి గురించి ఫిర్యాదులు వచ్చాయి, తనిఖీ జరిగింది, కంపెనీ తప్పుకుంది. కొంతకాలానికి వేరే పేరుతో వేరే కంపెనీ వచ్చింది. రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూశాను. బోర్డు మారింది, బోర్డు కింద నిలబడిన మేనేజరు మారలేదు. కుటుంబాలను మానేసి మగవాళ్లను మాత్రమే పెట్టడం అప్పుడు మొదలైంది.

వాటాదారుల నివేదికలో ఖైదీ అన్న మాట ఎక్కడా లేదు. నివాసులు అని రాశారు. వాళ్లకు వచ్చే డబ్బు నిండిన పడకలను బట్టి ఉంటుంది కాబట్టి, ఆ ఏడాది పడకల వినియోగం తృప్తికరంగా ఉందని రాశారు. మా మేనేజరు యంత్రాల గురించి అనే మాట అదే. ఖాళీగా ఉన్న యంత్రం నష్టం. బావ పడుకున్న మంచం వాళ్ల లెక్కలో బాగా నడుస్తున్న యంత్రమన్నమాట. ఆ పేజీ చదివాక ఫోన్ బోర్లించి పెట్టాను.

కొత్త భయం చివరి పత్రికలో దొరికింది. రెండో కంపెనీ ఒప్పందం ఆ చలికాలంతో ముగుస్తోంది, మూడోది రాబోతోంది. బోర్డు మారితే లోపలి మనుషులు ఏమవుతారు? దానికి జవాబు ఏ పత్రికలోనూ లేదు.

హిందూపురంలో నాతో పాలిటెక్నిక్‌లో చదివిన ఒక స్నేహితుడు, తనకు తెలిసిన ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణదారు ఒకాయన ఆ దేశంలో పట్టుబడి వచ్చాడని చెప్పాడు. వారపు సెలవు రోజు బస్సెక్కి వెళ్లాను. నలభై దాటిన మనిషి, చేతులకు ఆమ్లం మచ్చలు. ఫోన్‌లో ఫొటో చూపించగానే పని ఆపేశాడు.

"ఇదే. ఈ తావే. ముందు బోర్డున్నప్పుడు ఉంటి నేను."

"ఎట్ల చూసుకుంటిరి అన్నా?"

"ఊట, తిండి ఏమో ఇచ్చిరి. కొట్టేది, తిట్టేది ల్యా. గమ్మున కూసోబెడ్తారంతే. అదే పిచ్చి పట్టిస్తాది." కన్నడం కలిసిన తెలుగు ఆయనది. టీ తెప్పించాడు. "ఆ గోడలు, ఆ తలుపులు చూసి మాలో ఒకడు ఇది శవాలు పెట్టే తావని చెప్పె. అప్పట్నుంచి ఎవురికీ నిద్ర ల్యా."

"శవాలు కాదన్నా. పండ్ల గోదాము."

ఆయన నన్ను చూశాడు. "పండ్లా?"

"పండ్లే."

"థూ వాని! పండ్లకా మేమంత భయపడింది!" పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, నేను అడగక ముందే చెప్పాడు. "బోర్డు మారినప్పుడు మనుషుల్ని వేరే తావులకు పంచేస్తారప్పా. ఒకడ్ని ఈ మూల, ఒకడ్ని ఆ మూల. మన పేపరు వచ్చి మనల్ని వెతుక్కుంటా తిరుగుతాది. ఆడ మళ్ల మొదట్నుంచి. నాతో ఉండినోడు ఒకడు అట్ల పోయె. వాడి ఇంటోళ్లు నాకు ఇప్పుడు గూడా ఫోన్ చేస్తారు, యాడుండాడో తెలిసెనా అని. బోర్డు మారేలోగా మీ బావ పేపరు రావల్ల. దుడ్లు పోతే పోనీ, మనిషి కనపడకుండా పోకూడదు."

ఆ పేపరంటే తాత్కాలిక ప్రయాణ పత్రం. పాస్‌పోర్టు లేదు కాబట్టి, ఈయన మా దేశస్తుడే అని మన రాయబార కార్యాలయం ఒప్పుకుని ఆ పత్రం ఇవ్వాలి. వేలిముద్రలు తీశారు గానీ సరిగా పడలేదు. పట్టుదారం, జరీ రాసుకుని రాసుకుని బావ వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. ఇక మిగిలింది సొంతూరిలో విచారణ. ఇక్కడి పోలీసులు వీధికి వచ్చి, అవును, ఈ మనిషి ఇక్కడివాడే అని రాసి పంపాలి. వచ్చే ముందు నాకు ఫోన్ చేస్తారనుకుని, అక్కను కంగారు పెట్టడమెందుకని ఇంట్లో చెప్పలేదు. నేను ఈమెయిల్ మీద ఈమెయిల్ పెడుతున్నాను. పరిశీలనలో ఉంది అనే జవాబే వచ్చేది. ఫ్యాక్టరీలో ఒకసారి మంచి భాగాలున్న ట్రే మొత్తాన్ని చెడ్డవని పక్కన పెట్టాను.

చలికాలం సగమయ్యాక జవాబు మారింది. స్థానిక విచారణలో ఈ వ్యక్తి ధ్రువీకరణ కాలేదు.

ఎందుకు అని ఐదుసార్లు అడిగితే ఏ లోపానికైనా మూలం దొరుకుతుందని మాకు నేర్పారు. పత్రం ఎందుకు రాలేదు? ధ్రువీకరణ కాలేదు. ఎందుకు కాలేదు? అక్కడితో నా పద్ధతి ఆగిపోయింది. తర్వాతి ప్రశ్న ధర్మవరంలో అడగాలి. సెలవు పెట్టి రైలెక్కాను.

విచారణకు వెళ్లిన కానిస్టేబుల్ నా వయసువాడే. విసుక్కోకుండా కుర్చీ చూపించాడు.

"నేనే పోతి సార్ ఆ వీధికి. ఫొటో చూపిస్తి, పూర్తి పేరు చెప్తి. ఒక్కరు గూడా తెలుసనలేదు. ఆ డోర్ నంబరింటి అరుగు మీద ముసలామె ఒకామె కూసోనుండె. ఆమెనూ అడిగితి. అట్టాంటోడు ఈ వీధిలో యాడా లేడు నాయనా అనె. ఇంగ నేనేం రాయల్ల?"

డోర్ నంబరు మాదే. ఆ ముసలామె అవ్వే.

స్టేషన్ నుంచి ఇంటికి నడుస్తుంటేనే నాకు అర్థమైపోయింది. ఆ వీధి అలవాటు తెలిసిన వాళ్లెవరికైనా అర్థమవుతుంది. వీధిలో అడుగు పెడితే మొదట వినిపించేది మగ్గాలే. ప్రతి ఇంట్లో గుంతలో కాళ్లు పెట్టుకుని నేసే గుంత మగ్గం, పోగును మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు. వీధి చివర మాత్రం ఒక రేకుల షెడ్డులో మరమగ్గాలున్నాయి. చేతిమగ్గం మీదే నేయాలని చట్టం పెట్టిన రకాలను అక్కడ కరెంటుతో నేస్తారు. ఆ షెడ్డు బావకు చిన్నాయన వరసయ్యే ఆయనది. మా కడుపు కొడుతున్నాడని వీధంతా ఆయన్ని తిడుతుంది. అయినా తనిఖీ వాళ్లు వస్తే ఆయన్ని ఎవరూ పట్టివ్వరు, ఎంతైనా మనవాడు. ఫైలు పట్టుకున్న కొత్త మనిషి కనబడగానే వీధి మొదటింటి మగ్గం ఆగుతుంది. అది ఆగింది విని పక్కది ఆగుతుంది. ఆ నిశ్శబ్దం అలా నడుచుకుంటూ షెడ్డు దాకా పోతుంది. అక్కడ స్విచ్ ఆపి, తాళం వేసి, ఎటో వెళ్లిపోతారు. వచ్చినవాడు ఎవరిని గురించి ఏమడిగినా వీధి మొత్తానికి ఒకటే జవాబు. తెలీదు సార్.

అవ్వ అరుగు మీద కూర్చుని చక్రం మీద దారం కండెలు చుడుతోంది. లోపల బావ మగ్గం మీద అక్క నేస్తోంది. బావ పోయినప్పటి నుంచి ఆ మగ్గాన్ని ఆమే ఆడిస్తోంది.

"అవ్వా, బావ ఫొటో పట్టుకొని ఎవురైనా వచ్చినారా?"

"ఒగడొచ్చె. తనిఖీ వాడు. మామూలు చొక్కాలో వచ్చె, తెలివిగలోడు. నేను తెలివి తక్కువదాన్నా? పూర్తి పేరుతో అడిగె. మనోడ్ని పూర్తి పేరుతో ఎవురడుగుతారు? వాడి పేరు మీద షెడ్డు రాసుకున్నాడేమో వాళ్ల చిన్నాయన అనుకుంటి. లేడు పోప్పా అంటి." చక్రం తిప్పుతూనే గర్వంగా చెప్పింది.

లోపల మగ్గం ఆగింది. అక్క గుంతలో నుంచి లేచి వాకిట్లోకి వచ్చింది. నా ముఖం చూసింది.

"ఎవురురా వచ్చింది?"

చెప్పాను. ఎవరు వచ్చారో, ఏం రాసుకుని పోయారో, దానివల్ల ఏం ఆగిందో, బోర్డు మారితే ఏమవుతుందో, అన్నీ వరసగా. అవ్వ చేతిలో చక్రం ఆగిపోయింది. అక్క తలుపు పట్టుకుని నిలబడిపోయింది. అవ్వే అంది, "ఆ దుకాణమోడు అన్నట్లే నేనూ అంటి కదరా. లేడని."

కానిస్టేబుల్ మళ్లీ రావడానికి ఒప్పుకున్నాడు. పై అధికారికి అర్జీ ఇచ్చాను, ఆయనా ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది చిన్నాయన.

"స్టేషన్లోనే అడుక్కోమను. వీధిలోకి పోలీసును నువ్వే పిలుస్తావా? నా షెడ్డుకు తాళం పడితే నువ్వు తెరిపిస్తావా?" మా వాకిట్లో నిలబడి అరిచాడు.

"ఇంటి దగ్గరే విచారించల్లంట మామా. రూలు."

"రూలా! నీకు రూళ్లు ముద్దు. మాకు కూడు కావల్లప్పా."

అక్క మగ్గం దగ్గర నుంచి లేవకుండానే అంది. "నీ షెడ్డు కోసరమే మా అవ్వ లేడనింది. నీ షెడ్డు కోసరమే నేను మగ్గమాపి గమ్మునుంటి. నీ అన్న కొడుకు ఆడ గోడకానుకొని నిలబడుకోనుండాడు. నీ షెడ్డును ఎవురూ చూడరులే, నువ్వే చూసుకుంటా కూసో."

ఆయన తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆయన ఏం చేస్తాడో మాకెవరికీ తెలియదు. వీధిలో సగం మంది ఆయన దగ్గర పని చేస్తారు. ఆయన వద్దంటే సాక్షి సంతకాలు రావు.

అవ్వకు వేరే భయం. మొదట అబద్ధం చెప్పినందుకు తనను తీసుకుపోతారని. విచారణ రోజు ఉదయమే స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, ఒక సంచిలో ఇంకో చీర, మందులు సర్దుకుని అరుగు మీద కూర్చుంది.

"యాడికవ్వా?"

"జైలుకు. వాడొస్తాడు కదా, నేను పోతా. ఒకరికొకరు."

మగ్గాలు ఆపొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పాను. అయినా కానిస్టేబుల్ బండి వీధి మొదట్లోకి రాగానే మొదటి మగ్గం ఆగింది. ఆ ఇంటాయన తర్వాత చెప్పాడు, కావాలని ఆపలేదట, కాళ్లే ఆగిపోయాయట. రెండోది, మూడోది. నిశ్శబ్దం అలాగే నడిచి వచ్చింది. అది షెడ్డు దాకా పోయింది. మరమగ్గాల మోత ఆగింది.

అయితే తాళం పడలేదు. రేకుల తలుపు తెరిచిపెట్టి, భుజాన తువ్వాలు సర్దుకుంటూ, చిన్నాయన నడివీధిలో నడిచి వచ్చాడు. కానిస్టేబుల్‌కు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నేను వానికి చిన్నాయన్ని సార్. రాసుకోండి. నా ఇల్లు అదో, ఆ చివర. షెడ్డు గూడా నాదే. మరమగ్గాలు." షెడ్డు వైపు ఒకసారి తిరిగి చూశాడు. "మొదటి సాక్షి నేను."

"ఆ చివరిది మీదేనా? రాత్రి పూట గూడా ఆడిస్తారా ఏం?" అన్నాడు కానిస్టేబుల్ పెన్ను తీస్తూ. ఆయన ముఖం చూసి నవ్వాడు. "నాది ఆ శాఖ కాదు పెద్దాయనా. మగ్గానికీ మరమగ్గానికీ నాకు తేడా గూడా తెలీదు. ఫొటోలోని మనిషి తెలుసునా తెలీదా, నాకు అదొక్కటే కావల్ల."

ఆ తర్వాత వీధి ఆగలేదు. ఒకరు పెళ్లి ఆల్బం తెచ్చారు, ఒకరు చిన్నప్పుడు బావ బొగ్గుతో మీసం గీసుకుని వేషం వేసిన ఫొటో తెచ్చారు. ఎదురింటామె బావకు పాలపళ్లు ఊడినప్పటి కథ మొదలుపెట్టింది. పక్కింటాయన బావ తన దగ్గర తీసుకున్న గొడ్డలి ఇంకా ఇవ్వలేదని, అది కూడా రాసుకోమని పట్టుబట్టాడు.

"చాలు, చాలు! ఇద్దరు సాక్షులు చాలు తల్లీ!" అన్నాడు కానిస్టేబుల్.

చివరికి అవ్వ దగ్గరికి వచ్చాడు. అవ్వ సంచి తీసుకుని లేచి నిలబడింది.

"అప్పుడు లేడంటివి కదవ్వా?"

"అంటి సామీ. వాడు నా మనవడు. ఉండాడు." కానిస్టేబుల్ సంచి వైపు చూసి, విషయం అర్థమై, దాన్ని ఆమె చేతిలో నుంచి తీసి అరుగు మీద పెట్టాడు.

నివేదిక పోయింది. ఇక చేసేది లేదు, అదే అన్నిటికంటే కష్టమైంది. ఒప్పందం ముగిసే రోజు దగ్గర పడుతోంది. భవనం వెనక బస్సులు నిలబడ్డ కొత్త ఫొటో ఒకటి ఎవరో పెట్టారు. కొద్ది రోజులు బావ ఫోన్ రాలేదు. హిందూపురం ఆయనకు రోజూ ఫోన్ చేసేవాడిని. ఆయన ప్రతిసారీ ఒకటే అనేవాడు, "ఫోన్లు తీసేస్తారప్పా సర్దేటప్పుడు. భయపడాకు." ఆయన గొంతులో భయం ఉండేది.

తర్వాత ఒక ఫోన్ వచ్చింది. రికార్డు గొంతు లేదు, నేరుగా బావే.

"పేపరొచ్చెనంట. రేపో ఎల్లుండో ఎక్కిస్తారంట. అక్కకు చెప్పాకు, అవ్వకు చెప్పాకు. ఇట్లనే ఒకడ్ని విమానం దాకా తీసుకుపోయి వెనక్కి తెచ్చిరి. నేను ధర్మవరంలో దిగినంక చెప్పు."

చెప్పలేదు. డబుల్ షిఫ్టు ఉందని అక్కకు అబద్ధం చెప్పి బెంగళూరు విమానాశ్రయానికి వెళ్లాను. తలుపులు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడ్డాను. బావ నా ముందు నుంచే నడిచి పోతుంటే నేను పోల్చుకోలేదు. జుట్టు పూర్తిగా కత్తిరించారు, గడ్డం పెరిగింది, మనిషి సగమయ్యాడు. ఒంటి మీద అదే బూడిద రంగు బట్టలు. చేతిలో లోపలిదంతా కనబడే ప్లాస్టిక్ సంచి, దాని మీద కంపెనీ గుర్తు. అప్పటికే పాతబడిపోయిన గుర్తు.

యలహంకలో రైలెక్కాం. హిందూపురం దాటాక, చెప్పాలనిపించి, భవనం చరిత్ర అంతా రాసి పెట్టానని ఫోన్ తీశాను. బావ కిటికీలో నుంచి వేరుశనగ చేలను చూస్తున్నాడు.

"వద్దప్పా. తలుపులెట్ల మూస్తారో నాకు తెలుసు," అన్నాడు. పెనుకొండ కొండ కనబడితే, "నీ రూము యాడ?" అని అడిగాడు. చూపించాను. అది పోయేదాకా చూశాడు.

ధర్మవరంలో ఆటో మా వీధిలోకి పోదు. నేను డ్రైవరుకు చిల్లర వెతుకుతుంటే బావ ముందు నడిచాడు. మొదటింటి ఆయన గుంతలో నుంచి తలెత్తి చూసి ఉంటాడు. కొత్త మనిషి, వింత బట్టలు, చేతిలో ఏదో సంచి. మగ్గం ఆగింది. పక్కది ఆగింది. నిశ్శబ్దం బావను దాటి ముందుకు నడిచింది.

బావ నిలబడిపోయాడు. మెల్లగా పక్కకు జరిగి, వీపు గోడకు ఆనించి, సంచి కింద పెట్టి, రెండు చేతులూ కనబడేలా చాపాడు. నేను పరిగెత్తాను. కాని అవ్వ దగ్గరగా ఉంది. అరుగు దిగి, చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని, చూపు ఆనక, ఆ గోడ దగ్గరి మనిషి వైపు రెండడుగులు వేసింది.

"ఎవురు కావల్ల సామీ?" అంది. "భయపడాకు, చెప్పు. ఎవుర్నడిగినా ఉండారు. ఈ వీధిలో అందురూ ఉండారు."

"నేనే అవ్వా," అన్నాడు బావ. చేతులు దించలేదు.

అవ్వ వెళ్లి ఆ చేతులు రెండూ పట్టుకుని కిందికి దించింది. వీధి వైపు తిరిగి అరిచింది. "ఆపినారేమిరా! మనోడే! ఆడించండి!"

మొదటింటి మగ్గం మొదలైంది. పక్కది అందుకుంది. చప్పుడు ఇంటింటికీ పాకి, చివర షెడ్డు దాకా పోయి, మరమగ్గాలు కూడా మోగాయి. మా ఇంట్లో నుంచి మాత్రం ఏ చప్పుడూ రాలేదు. అక్క గుంతలో నుంచి లేచి గడప మీదికి వచ్చి నిలబడింది.